ఇరవై మూడు నిమిషాల పాటకు ఒక్క లెక్కేనా?

(కావలిలో గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగం)

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ముందు వరుసలోని మాస్టార్లకు, వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ పిల్లలకు నమస్కారం. పరిచయంలో నా గురించి చెప్పిన మంచి మాటల్లో సగం తీసేయండి, మిగతా సగానికి కృతజ్ఞతలు. ఆహ్వానపత్రంలో నా అంశం ‘పఠనాభిలాష - యువత’ అని వేశారు. దాని మీద నిన్న మాట్లాడారు, రేపూ మాట్లాడతారు. నేను ప్రోగ్రెసివ్ రాక్ పాటల గురించి మాట్లాడతాను. అంటే పొడుగు పాటలు, వింత తాళాలు ఉండే రాక్ సంగీతం. ఈ సంగతి చెబితే కార్యదర్శి గారు నవ్వి ఊరుకున్నారు. దాన్ని అనుమతి కింద జమ వేసుకున్నాను.

ప్రోగ్రెసివ్ రాక్ అనగానే పింక్ ఫ్లాయిడ్, యెస్, జెనెసిస్ అంటారు. 1969లో కింగ్ క్రిమ్సన్ తొలి ఆల్బమ్‌తో మొదలుపెట్టి డెబ్భైల చివరికి కథ కంచికి పంపేస్తారు. కథ కంచికి వెళ్ళలేదు. నా గొడవంతా అదే.

మెలోట్రాన్ అనే వాద్యం ఉంది. హార్మోనియం పెట్టెకు పెద్దన్నలా ఉంటుంది. లోపల ఒక్కో మెట్టుకు ఒక్కో టేపు ముక్క. మెట్టు నొక్కితే ముందే రికార్డు చేసిన వయొలిన్లో, వేణువో, బృందగానమో సుమారు ఎనిమిది సెకన్లు పలుకుతుంది. ఆ పైన టేపు అయిపోతుంది, వేలు తీసి మళ్ళీ నొక్కాలి. ఆ నాదంలో ఒక వణుకు, ఒక బెంగ. సింథసైజర్లు వచ్చాక దాన్ని మూల పడేశారు. 1992లో స్వీడన్‌లో ఎంగ్లగోర్డ్ అనే యువబృందం దుమ్ము దులిపి బయటికి తీసింది. ‘హిబ్రిస్’ అనే ఆ ఆల్బమ్‌లో ఉన్నవి నాలుగే పాటలు, అన్నీ పొడుగువే. అనా హోల్మ్‌గ్రెన్ వేణువు వినండి. మరుసటి ఏడాది అదే దేశం నుంచి అనెక్‌డోటెన్ అనే బ్యాండు తొలి ఆల్బమ్ వచ్చింది. 2005లో నార్వే నుంచి వాబ్లర్ అనే బ్యాండు తొలి ఆల్బమ్ వచ్చింది. మన ఊళ్ళో ఎంతమందికి తెలుసు? చేతులెత్తకండి, నాకు తెలుసు.

మీ తప్పు కాదు. ఫోనులో పాట వినిపించే కంపెనీల లెక్క ఎలా ఉందో చూడండి. స్పాటిఫైలో 30 సెకన్లు వింటే ఒకసారి విన్నట్టు. బిగ్ బిగ్ ట్రైన్ అనే ఇంగ్లీషు బ్యాండు 2009లో ‘ది అండర్‌ఫాల్ యార్డ్’ అనే పాట చేసింది. దాదాపు 23 నిమిషాలు. దాన్ని ఆసాంతం విన్నా ఒక్కసారే లెక్క! పైగా 2024 నుంచి, ఏడాదిలో 1000 సార్లు కూడా వినబడని పాటకు అక్కడ రాయల్టీ లేదు. ఇలాంటి అంగట్లో పొడుగు పాట చేసేవాడు ఎలా బతుకుతాడు? మీరు నిన్న విన్నదానికి తమ్ముణ్ణి ఇవాళ వినిపించడమే ఫోను పని. వేరే వీధిలోకి అది తీసుకెళ్ళదు.

మరి ఎలా పట్టుకోవాలి? పేర్లు పట్టుకుని పోవాలి. వెనకటికి క్యాసెట్ అట్ట మీద చిన్న అక్షరాలు చదివేవాళ్ళం, అదే విద్య. బిగ్ బిగ్ ట్రైన్‌నే తీసుకోండి. డ్రమ్స్ వాయించే నిక్ డి వర్జీలియో ఎక్కడివాడు అని అడిగితే అమెరికాలోని స్పాక్స్ బియర్డ్ అనే బ్యాండు దొరుకుతుంది. అందులోనే వాయించే రికర్డ్ షోబ్లోమ్ వెంట వెళితే స్వీడన్‌లోని బియర్డ్‌ఫిష్ దొరుకుతుంది. గాయకుడు డేవిడ్ లాంగ్‌డన్ 2021లో చనిపోయాక వచ్చిన ఆల్బెర్తో బ్రావిన్‌ను పట్టుకుంటే ఇటలీలో డెబ్భైల నాటి పీఎఫ్ఎమ్ అనే బ్యాండు దాకా పోతారు. అయితే వేల్స్ దేశంలో ‘కర్ణాటక’ అనే పేరుతో ఒక బ్యాండ్ ఉంది. దాన్ని వెతికితే మాత్రం మీకు మైసూరు ప్యాలెస్, కావేరీ జలాలు వస్తాయి. ఓపిక పట్టండి.

అసలు ఆ బిగ్ బిగ్ ట్రైన్ నన్ను ఎందుకు పట్టుకుందో చెప్పాలి. 2013లో వాళ్ళు ‘ఈస్ట్ కోస్ట్ రేసర్’ అనే పాట చేశారు. పావుగంట పైనే ఉంటుంది. ఒక రైలింజన్ మీద పాట! 1938 జూలై 3న మల్లార్డ్ అనే ఇంజన్ గంటకు 126 మైళ్ళు, అంటే 200 కిలోమీటర్లు దాటి పరిగెత్తింది. ఆవిరి ఇంజన్లలో ఆ రికార్డు ఇవాళ్టికీ దానిదే. నడిపినవాడు జో డడింగ్‌టన్, బొగ్గు వేసినవాడు టామీ బ్రే. బొగ్గు వేసినవాడి పేరు కూడా చరిత్రలో మిగిలింది, గమనించండి. పాట పియానోతో నెమ్మదిగా బయలుదేరి, వేగం అందుకుని, ఎక్కడో మధ్యలో మన గుండె కూడా దాని దెబ్బకు దెబ్బ వేయడం మొదలుపెడుతుంది.

మా నాన్న బిట్రగుంటలో ఫైర్‌మన్, అంటే రైలింజన్‌లో బొగ్గు వేసేవాడు. ఈ సభలో సగం మందికి బిట్రగుంట అంటే ఇప్పుడు రైలు ఆగీ ఆగని స్టేషను. ఒకప్పుడు అక్కడ పెద్ద లోకోషెడ్. ఇంజన్లు వరసకట్టి పొగ వదులుతుంటే ఆరేసిన బట్టల మీద నుసి రాలేది. నాన్న డ్యూటీ దిగి వచ్చాక బావి దగ్గర మొదట చెవులు కడుక్కునేవాడు. రాక్షసి బొగ్గు పొడి చెవి మడతల్లో పేరుకునేది. పార పట్టిన అరచేతిలో ఆ కాయలు పోనేలేదు, పింఛను తీసుకుంటున్నప్పుడు కూడా. ఆవిరి ఇంజన్లు పోయాయి, షెడ్డూ పోయింది. వాళ్ళ ఇంజన్‌కు పావుగంట పాట ఉంది. మన బిట్రగుంటకు ఒక చరణమైనా ఉందా? నెల్లూరు జిల్లాలో కవులకు కరువా? గోడకు ఆనుకున్న అబ్బాయిలూ, మీ చేతుల్లో గిటార్లున్నాయి, నేను చూశాను. ఎవరి కోసం ఆగారు?

అంశానికి వస్తున్నాను. అధ్యక్షులు గడియారం చూస్తున్నారు.

ఈ సంగీతంలో ఏడు, అయిదు లెక్కల తాళాలు వస్తాయని జనం జడుసుకుంటారు. పాశ్చాత్యులు జడుసుకోవచ్చు, మనకేం? ‘తకిట తకధిమి’ మిశ్రచాపు, ‘తక తకిట’ ఖండచాపు. మన కచేరీల్లో రోజూ వినేవే. కొచ్చి బ్యాండ్ మదర్‌జేన్ 2008 నాటి ‘మక్తూబ్’లో బైజు ధర్మజన్ గిటార్ మీద గమకాలు పలికించాడు. బెంగళూరు బ్యాండ్ అగం ఏకంగా త్యాగరాజ కీర్తన ‘మనవ్యాలకించరాదటే’ పాడింది. త్యాగరాజస్వామి ఇంటిపేరు కాకర్ల. ఆ కాకర్ల మన పక్కనే, కంభం ప్రాంతంలోని ఊరేనంటారు. మన మాటను బెంగళూరువాళ్ళు గిటార్ మీద ఎక్కించి ఊరేగిస్తుంటే మనం ఇక్కడ కూర్చుని ఫోను వినిపించింది వింటున్నాం.

ఒక్క విన్నపం. నచ్చిన బ్యాండ్ పాట బ్యాండ్‌క్యాంప్ అనే వెబ్‌సైటు లాంటి చోట డబ్బు పెట్టి కొనండి. అక్కడ పాట అమ్మిన డబ్బులో కంపెనీ వాటా పోను ఎక్కువ భాగం చేసినవాడికే చేరుతుంది. పెళ్ళిలో బ్యాండు మేళానికి మారు మాట్లాడకుండా ఇస్తాం కదా.

నేను చెప్పిన పేర్లన్నీ తెలుగులో రాసి నోటీసు బోర్డుకు అంటించాను. వందన సమర్పణ అయ్యాక స్పీకర్ల మీద ‘ఈస్ట్ కోస్ట్ రేసర్’ వేస్తాను. ఉండదలచినవాళ్ళు ఉండండి, టీ కూడా ఉంది. కార్యదర్శి గారూ, అప్పుడు ఆ మూల ఫ్యాను కాస్త ఆపించండి, అది ఆరు లెక్కలో కొట్టుకుంటోంది.