బీటిల్స్ గట్టిగా వాయిస్తే: ఆ 14 పాటల మీద చర్చ

వ్యాఖ్యాత: నమస్కారం. 2012 జూలైలో, అరవైల నాటి ఇంగ్లండ్ రాక్ బృందం బీటిల్స్ పాటల్లోంచి జోరుగా, గట్టిగా ఉండేవి 14 ఏరి ‘టుమారో నెవర్ నోస్’ అనే పేరుతో ఆపిల్ వాళ్ల ఆన్‌లైన్ పాటల దుకాణం ఐట్యూన్స్‌లో పెట్టారు. సీడీ లేదు, రికార్డు లేదు, డౌన్‌లోడ్ ఒక్కటే. పోయిన వారం వాటిని విని మీ మాట చెప్పండి అంటే, శ్రోతలు రెండు జట్లుగా చీలిపోయారు. ఒకరు ఇలా రాశారు: “బీటిల్స్ అంటే మా నాన్న వినే మెత్తటి పాటలనుకున్నాను. మొదటి పాటకే వాల్యూమ్ పెంచాను.” ఇంకొకరు: “ఉప్మాలో జీడిపప్పు ఏరి ప్లేట్లో పెట్టారు. ఉప్మా ఏదండీ?” స్టూడియోలో ఒక సౌండ్ ఇంజినీర్, ఒక గిటారిస్టు, నలభై ఏళ్లుగా బీటిల్స్ వింటున్న ఒక శ్రోత ఉన్నారు. మేడమ్, మీరు ఏ జట్టు?

శ్రోత: నేను ఉప్మా జట్టే. కానీ ముందు ఆ మొదటి పాట సంగతి చెప్పాలి, ‘రివల్యూషన్’. మా అన్నయ్య ఎక్కడో క్యాసెట్ కాపీ చేయించుకొచ్చాడు. పెట్టగానే బర్రుమని గిటార్. టేప్‌రికార్డర్ హెడ్‌కి మట్టి పట్టిందనుకుని దూదికి స్పిరిట్ అద్ది తుడిచాను. మళ్లీ అదే గోల. ఇంకోసారి తుడిచాను. అన్నయ్య వచ్చి, “పిచ్చిదానా, పాటే అంత” అన్నాడు.

ఇంజినీర్: మీ తప్పేమీ లేదు మేడమ్. మామూలుగా గిటార్ ఆంప్లిఫయర్‌లోకి వెళ్తుంది, దాని ముందు మైక్ పెడతాం. 1968లో ఆ పాటకు గిటార్లను తిన్నగా, శబ్దాలన్నీ కలిపే మిక్సింగ్ డెస్క్‌లోకే గుచ్చారు. అదీ చాలక, సిగ్నల్ పెంచే ప్రీఆంప్ ఒకదాని లోంచి ఇంకో ప్రీఆంప్‌లోకి పంపి, రెండూ ఓర్చుకోలేనంత సిగ్నల్ ఇచ్చారు. అరుస్తున్నది గిటార్ కాదు, డెస్క్! మా రోజుల్లో ట్రైనీ అలా చేస్తే సాయంత్రానికి ఉద్యోగం ఉండేది కాదు.

గిటారిస్టు: ఇప్పుడు ఆ శబ్దం కోసమే, గిటార్ శబ్దాన్ని మార్చే పెడల్స్ కొనుక్కుంటున్నాం సార్.

వ్యాఖ్యాత: నువ్వు ఈ ఆల్బమ్ వైపా?

గిటారిస్టు: అవునండీ. బీటిల్స్‌లో జాన్ లెనన్ గట్టి, పాల్ మెకార్ట్నీ మెత్తన అని చిన్నప్పటినుంచీ వింటున్నాను. ఈ 14 వరసగా వింటే ఆ మాట నిలబడదు. ‘హెల్టర్ స్కెల్టర్’ గొంతు చించుకుని అరిచింది ఎవరు? మెకార్ట్నీ. ‘ఐమ్ డౌన్’? ఆయనే. ‘బ్యాక్ ఇన్ ది యూఎస్ఎస్ఆర్’లో పాడటమే కాదు, డ్రమ్స్ కూడా వాయించాడు. అలిగి వెళ్లిపోయిన వాళ్ల డ్రమ్మర్ రింగో స్టార్ ఇంకా తిరిగి రాలేదు మరి.

శ్రోత: ‘ఐమ్ డౌన్’ నువ్వే ఎత్తావు కాబట్టి అడుగుతాను బాబూ. అది ఎప్పుడు రికార్డయింది?

గిటారిస్టు: 1965 కదండీ.

శ్రోత: 1965 జూన్ 14. అదే రోజు, అదే స్టూడియోలో, అదే మనిషి ‘యెస్టర్‌డే’ కూడా పాడాడు. మధ్యాహ్నం గొంతు రేగిపోయేలా అరిచి, రాత్రికి ఒక్క గిటార్ పట్టుకుని అంత మెత్తగా! ఇక్కడ అరుపు ఉంది, మెత్తదనం లేదు. వరసగా 14 అరుపులు వినిపిస్తే అరుపు విలువేం తెలుస్తుంది? ఆ పాట మొదట వచ్చిన ఆల్బమ్‌లో ‘హెల్టర్ స్కెల్టర్’ అయ్యాక ‘లాంగ్ లాంగ్ లాంగ్’ వస్తుంది, ఊపిరి చప్పుడంత పాట. ఆ నిశ్శబ్దంలోనే కదా ముందు పాట ఎంత కొట్టిందో తెలిసేది.

గిటారిస్టు: ఒప్పుకుంటాను. కానీ కొత్తగా వినేవాడికి పదమూడు ఆల్బమ్‌ల మూట చేతిలో పెట్టి “విను” అంటే పారిపోతాడండీ.

ఇంజినీర్: ఇదేమీ కొత్త ఆలోచన కాదు. 1976లోనే ‘రాక్ ఎన్ రోల్ మ్యూజిక్’ అని 28 పాటల డబుల్ ఎల్పీ, అంటే రెండు రికార్డుల సెట్, తెచ్చారు. అందులోనూ ఈ సరుకు చాలా ఉంది. దాని అట్ట చూసి రింగో బాహాటంగానే విసుక్కున్నాడు. విసుక్కోడా మరి? పాటలేమో అరవైల్లోవి, బొమ్మలేమో యాభైల్లోవి.

వ్యాఖ్యాత: ఎక్కువ మంది అడిగింది ఒకటుంది. ‘ఐ వాంట్ యూ (షీస్ సో హెవీ)’ ఎందుకు లేదు?

శ్రోత: (నవ్వుతూ) పేరులోనే హెవీ ఉన్న పాట!

ఇంజినీర్: ఎందుకు వదిలేశారో వాళ్లకే తెలియాలి. దాదాపు ఎనిమిది నిమిషాలు. చివర ఒకే గిటార్ వరస తిప్పి తిప్పి, హోరు పెంచుకుంటూ పోయి, కత్తితో కోసినట్టు ఆగిపోతుంది. నన్నడిగితే బరువంటే అదీ. ఈ 14లో ఉన్న ‘పేపర్‌బ్యాక్ రైటర్’ బాగుంటుంది, కాదనను, కానీ అది బరువు కాదు, హుషారు. దాన్లో బేస్ గిటార్ మాత్రం వినండి. బేస్ ఎక్కువైతే రికార్డు మీద సూది ఎగిరిపోతుందని కంపెనీలో భయం. వీళ్లేమో ఒక లౌడ్‌స్పీకర్‌నే మైక్‌లా వాడి బేస్ పట్టారు.

గిటారిస్టు: బృందంలో నాలుగో మనిషి జార్జ్ హారిసన్‌వి రెండే ఇచ్చారు, ‘సెవాయ్ ట్రఫుల్’, ‘ఇట్స్ ఆల్ టూ మచ్’. సెవాయ్‌లో శాక్సఫోన్లు శుభ్రంగా వాయిస్తే వాటిని కూడా కావాలని చెడగొట్టించాడు. వాయించినవాళ్లకు క్షమాపణ చెప్పి మరీ వినిపించాడట!

వ్యాఖ్యాత: ఆల్బమ్‌కి పేరిచ్చిన పాట ‘టుమారో నెవర్ నోస్’. అది హెవీనేనా? చాలామందికి అనుమానం.

శ్రోత: నాకు అనుమానమే లేదు. ఈ జాబితాలో నేను మనస్ఫూర్తిగా ఒప్పుకునేది అదొక్కటే. గిటార్ల గోల లేదు. పాటంతా దాదాపు ఒకే స్వరం మీద నిలబడుతుంది, కింద తంబూరా మోగుతూ ఉంటుంది. మనకది కొత్తా? కచేరీలో రెండు గంటలు ఒకే శ్రుతి మీద కూర్చునేవాళ్లం. 1966లో లండన్‌లో పాప్ పాటలో అది వినపడటమే వింత.

ఇంజినీర్: ఆ డ్రమ్ సంగతి కూడా చెప్పాలి. బేస్ డ్రమ్ లోపల ఉన్ని స్వెట్టర్ కుక్కి, మైక్ బాగా దగ్గరికి జరిపారు. అంత దగ్గర పెట్టకూడదని స్టూడియో రూలు! అందుకే దెబ్బ గుండె మీద పడ్డట్టుంటుంది. లెనన్ గొంతు హామండ్ ఆర్గన్‌కి ఉండే తిరిగే స్పీకర్ లోంచి వచ్చింది. కొండ మీంచి దలైలామా పలికినట్టు ఉండాలని అడిగాడట.

గిటారిస్టు: అయితే మేడమ్, ఒక్క పాట కోసమైనా ఈ ఆల్బమ్ మంచిదే అన్నట్టేగా?

శ్రోత: జీడిపప్పు చేదని నేనన్నానా నాన్నా?

వ్యాఖ్యాత: సమయం దగ్గరపడింది. ఒక్క పాట వేసే వీలుంది. మేడమ్, మీ టేప్‌రికార్డర్ గుర్తుగా ‘రివల్యూషన్’ వేద్దామా?

శ్రోత: వేయండి. స్పిరిట్ సీసా తేలేదు మరి.

వ్యాఖ్యాత: ఒక్క నిమిషం... లోపల కన్సోల్ దగ్గర అబ్బాయి సైగ చేస్తున్నాడు. మీటర్ ఎర్రలోకి పోతోందట, తగ్గించమంటారా అని అడుగుతున్నాడు.

ఇంజినీర్: వద్దమ్మా. అలాగే ఉంచమనండి.