మన స్టేషన్‌ని 87వ వంతుకి కుదించి అమ్మడం

నమస్కారమండీ. ముందే చెప్పేస్తున్నా, లక్షలు సంపాదించే మార్గం కోసం వచ్చినవాళ్లు టీ తాగి వెళ్లిపోవచ్చు. మోడల్ రైళ్ల పిచ్చికి అయ్యే ఖర్చులో కొంతైనా ఆ పిచ్చే సంపాదించి పెట్టేలా ఎలా చేసుకోవాలో, అంతవరకే నేను మాట్లాడతాను.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు చాలామంది పెంకుటిళ్లు, పైన్ చెట్లు, బెంచీలు చేసి అమ్ముదామని చూస్తారు. ఎందుకండీ? జర్మనీలో ఫాలర్ కంపెనీ వాళ్లు 1946 నుంచీ అదే పనిలో ఉన్నారు, వాళ్ల అచ్చులతో మన కత్తెర పోటీ పడలేదు. వాళ్ల క్యాటలాగులో లేనిదే మన సరుకు. తాడిచెట్టు, లెవెల్ క్రాసింగ్ పక్కన గేటుమన్ గది, రెక్క సిగ్నల్, పసుపు బోర్డు మీద మూడు భాషల్లో స్టేషన్ పేరు, ఇవన్నీ మనం తప్ప ఇంకెవరు చేస్తారు? పైగా బయటి సరుకు రేటు కూడా మనకే కలిసొస్తోంది. బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెంచారు, రైలు మోడళ్లూ ఆ పద్దు కిందికే వస్తాయి.

కొనేవాడికి ఆ స్టేషన్ బాగా తెలుసు, అది మర్చిపోవద్దు. వాళ్ల నాన్న అక్కడే పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా పనిచేసి ఉంటాడు, బోర్డు మీద సముద్రమట్టం ఎత్తు ఒక్క అంకె తప్పు పడినా ఫోటో తీసి మనకే పంపిస్తాడు. అందుకని కొలతల్లో బద్ధకం పనికిరాదు.

ప్లాట్‌ఫాం సంగతే తీసుకోండి. మన దగ్గర ఎత్తు ప్లాట్‌ఫాం దాదాపు 840 మిల్లీమీటర్లు, మనం చేసే మోడళ్ల సైజు హెచ్ఓ స్కేలు, అంటే అసలు కొలతని 87తో భాగించాలి, కాస్త అటూ ఇటూగా 9.7 వస్తుంది. కానీ ఆ ఎత్తు పట్టా పైభాగం నుంచి లెక్క, బల్ల మీద నుంచి కాదు. కింద స్లీపర్లు, పట్టా కలిపి ఇంకో 5 మిల్లీమీటర్లు ఉంటాయి, అవి కలపకుండా కోస్తే బోగీ తలుపు ముందు ప్లాట్‌ఫాం గుంటలో పడ్డట్టు కనిపిస్తుంది. వంపు దగ్గర పెట్టేదైతే ఇంకో తలనొప్పి, పొడుగు బోగీ మధ్యభాగం లోపలి వైపుకి, చివరలు బయటికి జరుగుతాయి కాబట్టి అంచుకి రాసుకుంటాయి. కొనేవాళ్ల దగ్గర ఏ వంపు పట్టాలున్నాయో అడిగి తెలుసుకున్నాకే కోత మొదలుపెట్టండి.

మన బ్రాడ్‌గేజ్, అంటే రెండు పట్టాల మధ్య దూరం, 1676 మిల్లీమీటర్లు, 87వ వంతు చేస్తే 19.3 రావాలి, దొరికే ట్రాక్ మాత్రం 16.5. దీని మీద గంటలు గంటలు వాదించే పెద్దమనుషులుంటారు, దండం పెట్టి ఊరుకోండి. వాళ్లే మళ్లీ కొంటారు.

స్టేషన్ బోర్డులో అసలు పరీక్ష తెలుగు అక్షరాలది. ఇంటి ఇంక్‌జెట్‌లో వేస్తే గుంతకల్లు, శ్రీకాళహస్తి లాంటి పేర్లలో కింది ఒత్తు ముద్దైపోతుంది. ఒక ఫోటో సైజు ఫైల్లో డజన్ల బోర్డులు పేర్చి ఫోటో ల్యాబ్‌లో ప్రింట్ తీయించండి, గీత తెగదు, ఒక్కోటి చిల్లర డబ్బుల్లో పడుతుంది. చిత్తూరు వైపు వెంకటనరసింహరాజువారిపేట అని ఒక స్టేషన్ ఉంది కదా, ఆ బోర్డు చేసి పెట్టండి, ఆ లైన్‌లో ఎప్పుడూ ప్రయాణించనివాళ్లు కూడా పేరు చూసి కొంటారు.

తాడిచెట్టుకి మెలేసిన రాగి తీగ, దాని మీద వాల్ పుట్టీ, ఆకులకి పల్చటి కాగితం. 15 మీటర్ల చెట్టు 17 సెంటీమీటర్లవుతుంది. ఆకులన్నీ పచ్చగా నిటారుగా పెడితే ప్లాస్టిక్ పువ్వులా ఉంటుంది, కింద నాలుగైదు ఎండుమట్టలు వేలాడదీస్తేనే అది తాడిచెట్టు.

ఇక ధర దగ్గరికొస్తే మనవాళ్లు తెగ మొహమాటపడతారు. పుట్టీ, కాగితం పాతిక రూపాయలే కదా అని నూటికి అమ్మేస్తారు, రెండు గంటలు వంగి కూర్చున్న నడుము లెక్కలోకి రాదు. మీ గంటకి ఒక రేటు అనుకోండి, సరుకు, ప్యాకింగ్, కొరియర్‌లో విరిగేవాటి భాగం కలపండి, వచ్చింది చెప్పండి. ఖరీదు ఎక్కువంటే ఎక్కువే. ఫలానా స్టేషనే కావాలని ఆర్డర్ ఇస్తే సగం డబ్బు ముందే ఫోన్‌పే చేయించుకోండి, ఎందుకంటే వాళ్లు వెనక్కి తగ్గితే ఆ బోర్డు ఇంకెవరికీ పనికిరాదు.

చెట్లని బబుల్‌ ర్యాప్‌లో చుట్టొద్దు, కొసలు విరుగుతాయి. థర్మోకోల్‌కి కన్నం పెట్టి చెట్టు మొదలుని అందులో గుచ్చి, ఆకులకి ఏదీ తగలకుండా పెట్టెలో నిలబెట్టండి.

కాగితాల పని గురించి రెండు ముక్కలు. 2021 జనవరి 1 నుంచి, 14 ఏళ్లలోపు పిల్లలు ఆడుకునే బొమ్మలకి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. మనది పెద్దవాళ్ల హాబీ సరుకు, ఆ మాట పెట్టె మీద స్పష్టంగా రాయండి, పిల్లల బొమ్మ అని ఎక్కడా ప్రచారం చేయొద్దు. వేరే రాష్ట్రానికి సరుకు అమ్మితే అమ్మకాలు ఎంత తక్కువైనా మామూలుగా జీఎస్టీ నమోదు కావాలి, హస్తకళల్లో కొన్నింటికి మినహాయింపు ఉంది. మీరు చేసేది అందులోకి వస్తుందో రాదో మీ ఆడిటర్‌ని అడగండి, నన్ను కాదు.

ఈ బల్ల మీద ఉన్నవన్నీ చేత్తో పట్టుకుని చూడొచ్చు. సిగ్నల్ రెక్కలు మాత్రం లాగకండి, ఇంకా జిగురు ఆరలేదు.