రైలు ప్రమాదంలో సాయానికి వెళ్తున్నారా? ముందు కరెంటు సంగతి చూడండి

నమస్తే అండి. రైలు పట్టాలు తప్పిన చోట బోగీల్లోంచి మనుషుల్ని బయటికి తీసే వాళ్ల కోసం ఈ వీడియో. ఫైర్ సిబ్బంది, పక్క ఊరి కుర్రాళ్లు, ఎవరైనా సరే. హెల్మెట్, గ్లవ్స్, బూట్లు... మీకు తెలిసినవే, స్క్రీన్ మీద ఉన్నాయి, చూసేసుకోండి.

ఇప్పుడు పైకి చూడండి. ఇదిగో, రైలు ఇంజిన్‌కి కరెంటు ఇచ్చే ఈ తీగ. మన ఇంట్లో 230 వోల్టులు, ఇందులో 25,000. ముట్టుకోనక్కర్లేదు, దగ్గరికెళ్తే చాలు. రెండు మీటర్ల లోపలికి మనిషి గానీ, నిచ్చెన గానీ, గునపం గానీ పోకూడదు. బోగీ పైకప్పు ఎక్కకండి. నీళ్ల పైపు కూడా అటు తిప్పకండి.

రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేయండి. ఎక్కడున్నామో చెప్పాలి కదా, చీకట్లో ఏం చెప్తాం? ఈ స్తంభం మీద నంబర్ ఉంటుంది, చూశారా, కిలోమీటరు, కింద స్తంభం నంబరు. అది చదివి చెప్పండి. నేనైతే ముందు ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకుంటా, కంగారులో అంకెలు గుర్తుండవు.

సరే, అసలు విషయం. ఇక్కడ ఆగుదాం. తీగ తెగి బోగీ మీద పడింది. సబ్‌స్టేషన్‌లో బ్రేకర్, అంటే తేడా వస్తే కరెంటు ఆపేసే స్విచ్, ట్రిప్ అయింది. నిప్పురవ్వలు ఆగాయి. వెంటనే ఎవరో ఒకరు "కరెంటు పోయింది, రండి రండి" అంటారు. పోలేదండీ! ఆ బ్రేకర్ కొన్ని సెకన్లలో తనంతట తానే మళ్లీ ఆన్ అవ్వచ్చు. 2023 జూన్ 2న ఒడిశాలో, బహానగా బజార్ దగ్గర జరిగిన కోరమాండల్ ప్రమాదం తెలుసు కదా. చావులకు ఢీకొన్న దెబ్బలతో పాటు కరెంటు షాక్ కూడా కారణమని రైల్వే పోలీసులు ఎఫ్‌ఐఆర్‌లో రాశారు.

మరి ఎప్పుడు వెళ్లాలి? రవ్వలు ఆగినప్పుడు కాదు, బోగీలో లైట్లు ఆరినప్పుడూ కాదు. టీపీసీ, అంటే ట్రాక్షన్ పవర్ కంట్రోలర్, సప్లై తీసేశామని చెప్పాలి. ఆ తర్వాత ఓహెచ్‌ఈ స్టాఫ్, అంటే ఈ పై తీగలు చూసుకునే రైల్వే సిబ్బంది, ఈ డిశ్చార్జ్ రాడ్ తగిలించాలి. తీగలో మిగిలిన కరెంటును పట్టాలోకి దింపేసే కర్ర ఇది. వరుస చూడండి: క్లాంప్ ముందు పట్టాకి, తర్వాతే కొక్కెం తీగకి. మళ్లీ చూపిస్తా. ముందు పట్టా, తర్వాత తీగ. తీసేటప్పుడు ఈ వరుస తిరగేసి: ముందు తీగ, తర్వాత పట్టా. పైగా ఒక్క రాడ్ చాలదు, మనం పని చేసే చోటికి అటొకటి, ఇటొకటి. ఎందుకంటే పక్క లైన్లో సప్లై ఉంటే, ఆపేసిన తీగలోకి కూడా వోల్టేజి వస్తుంది. రెండు రాడ్లూ కంటితో చూసేదాకా నేను కదలను.

ఇక బోగీ. ఎల్‌హెచ్‌బీ, అంటే కొత్త రకం బోగీ అయితే ఇంజిన్ నుంచో జనరేటర్ కారు నుంచో 750 వోల్టులు ఈ లావు కేబుళ్లలో వస్తాయి. వాటినీ రైల్వే వాళ్లే ఆపాలి. అన్నీ ఆపినా కింద ఈ పెట్టెలో బ్యాటరీలుంటాయి, 110 వోల్టులు. కట్టర్ పెట్టే ముందు ఈ ఫ్యూజులు తీయించండి. ఎక్కడుంటాయో దగ్గరగా చూపిస్తున్నా, ఇదిగో.