రంగుల కన్నా ముందు కాగితం చూడండి

అందరికీ నమస్కారం. పిల్లలతో పాటు అమ్మానాన్నలు కూడా వచ్చారు కాబట్టి మొహమాటం లేకుండా చెప్తాను. బీసెంట్ రోడ్డుకెళ్లి పెద్ద రంగుల డబ్బా కొంటారు, కాగితం దగ్గరికొచ్చేసరికి మాత్రం ఏదో ఒక డ్రాయింగ్ షీట్ ఇవ్వమంటారు. ఇంటికొచ్చి పిల్లాడు ఆకాశం వేస్తే కాగితం ఉబ్బుతుంది, రెండోసారి బ్రష్ తగలగానే నూగు లేస్తుంది, వాడేమో తనకి బొమ్మలు రావనుకుంటాడు. తప్పు వాడిది కాదండీ, కాగితానిది.

ముందు జీఎస్ఎం చూడండి, అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క. జిరాక్స్ కాగితం 70, 80 ఉంటుంది. పెన్సిల్‌కి 130, 150 చాలు. నీళ్ల రంగులకి మాత్రం 300కి తగ్గొద్దు.

అయితే మందం ఒక్కటే చూసి మోసపోకండి. ఇదిగో, ఈ రెండు ముక్కలూ 300 జీఎస్ఎమ్మే. ఒకటి చెక్క గుజ్జుది, ఇంకోటి నూరు శాతం పత్తిది. సాయంత్రం ప్రకాశం బ్యారేజీ మీద ఆకాశం ఉంటుందే, అలా నారింజ పక్కన నీలం పెట్టాను. చెక్క గుజ్జు దాని మీద అప్పుడే ఆరిపోయి అంచు గీతలా నిలబడిపోయింది, పత్తి దాని మీద నారింజ ఇంకా నీలంలోకి పాకుతూనే ఉంది, కలపడానికి మీకు టైం దొరుకుతుంది. రంగు వెంటనే ఇంకిపోకుండా కాగితానికి ఒక పూత కూడా ఉంటుంది, దాన్ని సైజింగ్ అంటారు. ఇటలీలోని ఫాబ్రియానోలో మధ్యయుగాల్లోనే జిలాటిన్‌తో ఆ పూత పెట్టేవారు.

పత్తి కాగితం ఖరీదే, కాదనను. అందుకే 22×30 అంగుళాల పెద్ద షీటు ఒకటి కొని ఎనిమిది ముక్కలు చేసుకోండి, వెనక వైపు కూడా వాడండి. రోజువారీ సాధనకి మామూలు కాగితం చాలు, కానీ మనసు పెట్టి వేసే బొమ్మకి మంచిదే తీయండి.

పెన్నుతో, ఇంకుతో గీసేవాళ్లు హాట్ ప్రెస్, అంటే వేడితో నొక్కి నున్నగా చేసిన కాగితం తీసుకోండి. చార్‌కోల్‌కి గరుకు ఉండాలి, లేకపోతే పొడి నిలవదు. ఆయిల్ రంగులైతే కాగితానికి ముందు జెస్సో అనే తెల్లటి అడుగు పూత పూయాల్సిందే, లేకపోతే ఆ నూనె కాలం గడిచేకొద్దీ కాగితాన్ని తినేస్తుంది. బొమ్మ పదేళ్లయినా పసుపెక్కకూడదంటే యాసిడ్ ఫ్రీ, అంటే ఆమ్లం లేనిది అని రాసి ఉందో లేదో చూసుకోండి.

చివరగా, మన బెజవాడ ఉక్కపోత సంగతి. వానాకాలంలో షీట్లు బయట పడేస్తే తేమకి సైజింగ్ దెబ్బతిని, రంగు వేసినప్పుడు అక్కడక్కడా చుక్కలు చుక్కలుగా ఇంకిపోతుంది. కొన్న రోజే గాలి చొరబడని కవర్లో పెట్టి బీరువాలో పడుకోబెట్టండి. ఇప్పుడు ముందుకి రండి, ఈ ముక్కల మీద మీరే బ్రష్ పెట్టి చూద్దురుగాని.