ఆస్ట్రేలియా నుంచి వస్తూ సింగపూర్, మలక్కా, కౌలాలంపూర్: అరవై దాటినవాళ్ళకి ఏది హాయి?

అందరికీ నమస్కారం. హైదరాబాద్ వచ్చేశాం, జెట్‌లాగ్ ఏమీ లేదు, గొంతు మాత్రం కొంచెం బొంగురు పోయింది, సర్దుకోండి. మెల్‌బోర్న్‌లో అమ్మాయి దగ్గర ఉన్నన్నాళ్ళ కబుర్లు పాత వీడియోల్లో చెప్పేశాం. ఇవాళ్టిది తిరుగు ప్రయాణం గురించి. నేరుగా ఇంటికి రాకుండా సింగపూర్‌లో దిగి, అక్కణ్ణుంచి బస్సులో మలక్కా వెళ్ళి, చివర్లో కౌలాలంపూర్ చూసుకుని శంషాబాద్ చేరాం.

మార్కులు ముందే చెప్పేస్తాను, మిమ్మల్ని చివరిదాకా కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేదు. పదికి సింగపూర్ 8, మలక్కా 9, కౌలాలంపూర్ 6. కౌలాలంపూర్‌కి నేను ఐదే వేశాను. మా ఆవిడ ఒకటి కలిపింది. ఎందుకో ఆ ఊరి దగ్గరికొచ్చినప్పుడు చెబుతా.

ఈ మార్కులు చూసి కుర్రాళ్ళు కొట్లాటకి రావద్దు. నెలల తరబడి తిరిగాక చివర్లో వచ్చే ఊరికి కొలత వేరే ఉంటుంది. అప్పటికి కళ్ళకి ఓపికున్నా కాళ్ళకి ఉండదు. సగం బట్టలు మాసి ఉంటాయి, సూట్‌కేసు జిప్పు పట్టదు, ఇంటి నుంచి తీసుకెళ్ళిన బీపీ మాత్రలు అడుక్కి వచ్చి ఉంటాయి. ఆ ఊళ్ళో ఏముంది అన్నది అప్పుడు రెండో ప్రశ్న. ఎంత నడవాలి, ఎన్ని మెట్లెక్కాలి, కూర్చోవడానికి చోటుందా, బాత్రూమ్ ఎక్కడ, అన్నం దొరుకుతుందా, ఇవే మొదటి ప్రశ్నలు. మేం వాటికే మార్కులు వేశాం.

అసలు మధ్యలో ఎందుకు ఆగడం అంటారా? మెల్‌బోర్న్ నుంచి సింగపూర్ దాదాపు ఎనిమిది గంటలు. సింగపూర్ నుంచి హైదరాబాద్ ఇంకో నాలుగున్నర. రెండూ ఒకే రోజు కలిపితే మా ఆవిడ కాళ్ళు వాచిపోతాయి. వెళ్ళేటప్పుడు చూశాం ఆ ముచ్చట. పైగా సింగపూర్, మలేషియా రెండూ మనకంటే రెండున్నర గంటలే ముందు. మెల్‌బోర్న్ టైమ్ నుంచి మన టైమ్‌కి ఒళ్ళు మెల్లగా అలవాటు పడుతుంది. ఇంటికొచ్చిన మొదటి రాత్రే హాయిగా నిద్రపోయాం.

కాగితాల సంగతి తొందరగా చెప్పేస్తా. సింగపూర్‌కి మనకి వీసా కావాలి, ముందే తీసుకోవాలి. ఇక్కణ్ణుంచి బయల్దేరే ముందు తీసుకుంటే గడువు తేదీ జాగ్రత్తగా చూసుకోండి, మీరు సింగపూర్‌లో దిగేసరికి మధ్యలో నెలలు గడిచిపోతాయి కదా. మలేషియాకి మాత్రం 30 రోజుల దాకా వీసా అక్కర్లేదు, ఆ వెసులుబాటు 2026 చివరిదాకా పొడిగించారు. రెండు దేశాలకీ దిగే ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు నింపాలి. రెండూ ఉచితం. గూగుల్‌లో వెతికితే అచ్చం ప్రభుత్వ సైట్‌లా కనిపించే వెబ్‌సైట్లు వచ్చి కార్డుకి డబ్బులు కట్టమంటాయి. కట్టకండి.

ఇంకొకటి, మందులు. నిద్రమాత్రలు, కొన్ని రకాల దగ్గు సిరప్‌లు, గట్టి నొప్పి మాత్రలు సింగపూర్‌లోకి ఊరికే తీసుకెళ్ళకూడదు, కొన్నింటికి ముందే అనుమతి తీసుకోవాలి. డాక్టరు చీటీ హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకోండి. చెక్-ఇన్ సూట్‌కేసులో అడుగున ఉన్న చీటీ ఎవరికీ ఉపయోగపడదు.

సరే, సింగపూర్. విమానాశ్రయంలోనే జ్యుయెల్ అని ఉంది, 2019లో తెరిచారు. గాజు గోపురం నడినెత్తి నుంచి 40 మీటర్ల ఎత్తున నీళ్ళు పడతాయి. చుట్టూ చెట్లు, చూడ్డానికి టికెట్ లేదు. విమానం దిగి అలిసిపోయి ఉన్నా అరగంట అక్కడ కూర్చోండి. ఇదిగో ఈ క్లిప్ చూడండి, మా ఆవిడ సామాను ట్రాలీ మీద చెయ్యేసి అలా చూస్తూనే ఉంది. టాక్సీ పిలిచినా రానంది.

ఊళ్ళో తిరగడానికి మెట్రో చాలు. ప్రతి స్టేషన్‌లో లిఫ్టు ఉంటుంది. కార్డు పెట్టి గేటు దాటొచ్చు, టికెట్ల క్యూలు లేవు. తెల్ల జుట్టు కనపడితే కుర్రాళ్ళు లేచి సీటిస్తారు, మొదట్లో నాకు కాస్త మనసు చివుక్కుమంది కానీ తర్వాత అలవాటైపోయింది. ఒకటే బాధ, కొన్ని స్టేషన్లలో లైను మారాలంటే భూమి కిందే చాలా దూరం నడవాలి. మ్యాప్‌లో పక్కపక్కనే ఉన్నట్టు కనిపిస్తాయి, నమ్మకండి.

మాకు అన్నిటికంటే నచ్చింది బొటానిక్ గార్డెన్స్. 1859 నుంచి ఉంది, 2015లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. లోపలికి డబ్బుల్లేవు, ఆర్కిడ్ తోటకి మాత్రం టికెట్. పొద్దున్నే వెళ్ళండి, పదకొండు దాటితే ఉక్కపోత తట్టుకోలేం. ఆర్కిడ్ తోటలో మా ఆవిడ ఒక చిన్న ఊదారంగు పువ్వు దగ్గర ఆగిపోయింది. రేకుల మీద గీతలు, మధ్యలో నారింజ రంగు చుక్క, కాడ పెన్సిల్లా సన్నగా. అది వాళ్ళ జాతీయ పుష్పమట, వాండా మిస్ జోక్విమ్.

ఈ తోటకి ఇంకో చరిత్ర ఉంది. 1877లో ఇంగ్లండ్‌లోని క్యూ గార్డెన్స్ నుంచి రబ్బరు మొక్కలు ఇక్కడికే తెచ్చారు. తర్వాత డైరెక్టరుగా వచ్చిన హెన్రీ రిడ్లీ, చెట్టు చావకుండా బెరడు మీద గాటు పెట్టి పాలు తియ్యడం ఎలాగో ఇక్కడే కనిపెట్టాడు. దాంతో మలయా, అంటే ఇప్పటి మలేషియా వైపంతా రబ్బరు తోటలు వెలిశాయి. ఆ తోటల్లో పనికి తమిళులతో పాటు మన ఉత్తరాంధ్ర నుంచి కూడా జనం ఓడలెక్కి వెళ్ళారు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, కౌలాలంపూర్‌లో పనికొస్తుంది.

సాయంత్రం గార్డెన్స్ బై ది బే. ఆ పెద్ద ఇనప చెట్లు 25 నుంచి 50 మీటర్ల ఎత్తుంటాయి. రాత్రి 7:45కి, మళ్ళీ 8:45కి దీపాల షో ఉంటుంది, అదీ ఉచితమే. జనం నేల మీద వెల్లకిలా పడుకుని చూస్తారు. మేం బెంచీ మీద చూశాం. పడుకుంటే లేపేవాళ్ళు కావాలి మరి. సెంటోసా అనే వినోదాల దీవి వదిలేశాం, మనవలుంటే వెళ్ళండి.

తిండికి లిటిల్ ఇండియా. టెక్కా సెంటర్ పైన బట్టలు, కింద కూరగాయలు, తిండి కొట్లు. మునక్కాయలు, కరివేపాకు, అరిటాకులు అన్నీ ఉన్నాయి. తిండి కొట్లన్నీ ఒకేచోట ఉండే ఈ హాకర్ సెంటర్లలో టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి ఉంటే ఎవరో సీటు ఆపుకున్నారని అర్థం, దాన్ని తీసి పక్కన పెట్టి కూర్చోకండి. తిన్నాక ట్రే మీరే తీసుకెళ్ళి స్టాండ్‌లో పెట్టాలి, లేదంటే జరిమానా కూడా వెయ్యొచ్చు. లిటిల్ ఇండియాలోనే సెరంగూన్ రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ గుడి ఉంది, 1855 నాటిది. మధ్యాహ్నం మూసేస్తారు, పొద్దునో సాయంత్రమో వెళ్ళండి.

మరి రెండు మార్కులు ఎందుకు తగ్గాయి? గది అద్దె. వాళ్ళ డాలరు మనకి దాదాపు 70 రూపాయలు. మంచం చుట్టూ నడవడానికి కూడా చోటు లేని గదికి మేమిచ్చిన డబ్బుతో మలక్కాలో మూడు రాత్రులు దర్జాగా ఉండొచ్చు.

సింగపూర్ నుంచి మలక్కాకి బస్సు. సీట్లు వెడల్పు, కాళ్ళు చాపుకోవచ్చు. సరిహద్దు దగ్గర మాత్రం రెండుసార్లు దిగాలి, ఒకసారి సింగపూర్ వాళ్ళ పాస్‌పోర్టు తనిఖీకి, ఇంకోసారి మలేషియా వాళ్ళ దగ్గర. మలేషియా వైపు సామాను మొత్తం దింపి స్కానర్‌లో పెట్టించాలి. అమ్మాయి ఇచ్చిన తేనె సీసాలు, మనవడి బొమ్మలు, రెండు దుప్పట్లు, అన్నీ మోసుకుంటూ నడిచాం. బస్సు నంబరు ఫోన్‌లో ఫొటో తీసుకోండి. అటు వైపు ఒకే రంగు బస్సులు వరసగా నిలబడి ఉంటాయి. మామూలుగా నాలుగు గంటలు, శని, ఆదివారాల్లో అయితే ఎంతసేపో ఆ దేవుడికే తెలియాలి. మంగళ, బుధవారాల్లో వెళ్ళండి.

మలక్కా. అబ్బ, ఏం ఊరండీ! 1511లో పోర్చుగీసులు, 1641లో డచ్చివాళ్ళు, తర్వాత ఇంగ్లీషువాళ్ళు ఏలిన ఊరు. పోర్చుగీసు కోటలో ఇప్పుడు ఒక్క ద్వారమే మిగిలింది. డచ్చివాళ్ళు 1753లో కట్టిన ఎర్ర చర్చి, దాని ముందు పూలతో, బొమ్మలతో అలంకరించిన రిక్షాలు. ఆ రిక్షాల్లో పాటలు ఎంత గట్టిగా పెడతారంటే, మన గణేశ్ నిమజ్జనం కుర్రాళ్ళు కూడా ఒప్పుకుంటారు. కానీ ఎక్కండి, మోకాళ్ళకి మేలు.

ఊరు చిన్నది, అంతా దగ్గర దగ్గర, అదే అసలు సుఖం. ఒకే వీధిలో చైనావాళ్ళ గుడి, 1748 నాటి మసీదు, 1781లో కట్టిన వినాయకుడి గుడి వరసగా ఉన్నాయి. పొయ్యాత వినాయగర్ మూర్తి గుడి అంటారు. దాన్ని కట్టించింది మలక్కా చెట్టీలు. ఎప్పుడో వచ్చిన తమిళ వర్తకులు ఇక్కడి ఆడవాళ్ళని పెళ్ళి చేసుకుని స్థిరపడిపోయారు. ఇప్పుడు ఇంట్లో మాట్లాడేది మలయ్ భాష, కొలిచేది మాత్రం మన దేవుళ్ళని. గుళ్ళో ఎవరూ తొందరపెట్టరు. గచ్చు చల్లగా ఉంది, ఓ మూల చాలాసేపు కూర్చున్నాం.

సాయంత్రం నదిలో పడవ ఎక్కండి, ముప్పావు గంట కూర్చునే చూడొచ్చు. తర్వాత చెండోల్ తినండి. ఐస్ తురుము, కొబ్బరిపాలు, ఆకుపచ్చటి పిండి ముక్కలు, పైన నల్లటి బెల్లం పాకం. షుగర్ ఉన్నవాళ్ళు ఇద్దరికీ ఒక కప్పు తీసుకోండి. మా ఇంట్లో షుగర్ ఉన్నది ఆవిడకి, కప్పు ఖాళీ చేసిందీ ఆవిడే. శాకాహారులకి ఒక హెచ్చరిక: మలేషియాలో ఆకుకూర వేపుడులో కూడా ఎండురొయ్యల ముద్ద వేస్తారు. దాన్ని బెలచాన్ అంటారు. ఆర్డరు చెప్పేటప్పుడే ఆ పేరు పలికి వద్దనండి, ‘వెజ్’ అంటే సరిపోదు.

ఒక మార్కు ఎక్కడ పోయిందంటే, మేం దిగిన చోట. పాత ఇంటిని హోటల్ చేశారు, చూడ్డానికి ముచ్చటగా ఉంది. కింది అంతస్తులో గది అడిగి, సరేనన్న జవాబు కూడా తెచ్చుకుని వెళ్ళాం. తీరా వెళితే పైన ఇచ్చారు. లిఫ్టు లేదు, చెక్క మెట్లు నిచ్చెనలా నిటారుగా. పేరు చెప్పను. ఆ పాతపేటలో చాలా హోటళ్ళు ఇలాంటి ఇళ్ళే కాబట్టి, డబ్బు కట్టే ముందు ఫోన్ చేసి లిఫ్టుందా అని అడగండి.

కౌలాలంపూర్‌కి మలక్కా నుంచి బస్సులో రెండు గంటలు. జంట టవర్లు చూశాం, 452 మీటర్లు, కింద పార్కులోంచి చూస్తే చాలు, మెడ నొప్పి తప్ప ఖర్చు లేదు. ఆ ఊరితో నా పేచీ నడక దగ్గర. ఫుట్‌పాత్ ఉన్నట్టుండి ఆగిపోతుంది, రోడ్డు దాటాలంటే వంతెన మెట్లెక్కాలి, మధ్యాహ్నం ఠంచనుగా వాన. ట్రాఫిక్ చూడ్డానికి అంత దూరం ఎందుకు, అమీర్‌పేట చాలు.

బాతు కేవ్స్, అంటే కొండ గుహలో ఉన్న సుబ్రహ్మణ్యస్వామి గుడికి, కేఎల్ సెంట్రల్ అనే పెద్ద స్టేషన్ నుంచి లోకల్ రైలుంది. మెట్లు 272. సన్నగా, నిటారుగా ఉంటాయి, 2018లో రంగులు వేశారు. పక్కనే 42.7 మీటర్ల బంగారు రంగు మురుగన్ విగ్రహం, మన సుబ్రహ్మణ్యస్వామే. నేను ఎక్కాను, నాలుగుచోట్ల ఆగి. పైన గుహ కప్పు నుంచి చుక్కలు చుక్కలుగా నీళ్ళు తల మీద పడుతుంటే ప్రాణం లేచొచ్చింది. ఆవిడ కింద హనుమంతుడి విగ్రహం దగ్గర కూర్చుని, చేతిలో అరటిపండు కోతికి సమర్పించుకుంది. ఇష్టపడి కాదు. మోకాళ్ళ నొప్పి ఉంటే ఎక్కొద్దు, కింద కూడా గుళ్ళున్నాయి.

ఇక ఆవిడ కలిపిన ఆ ఒక్క మార్కు. కేఎల్ సెంట్రల్ పక్కనే బ్రిక్‌ఫీల్డ్స్, అక్కడి లిటిల్ ఇండియా. మేమిద్దరం పూలకొట్టు ముందు మల్లెపూల బేరం గురించి మాట్లాడుకుంటున్నాం. కొట్టులో పెద్దావిడ దారం పళ్ళతో కొరుకుతూ, తలెత్తకుండా, ‘‘ఏ వూరమ్మా మీది?’’ అంది. తెలుగులో! ఆవిడ తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి పెరాక్ రాష్ట్రంలో రబ్బరు తోటకి వచ్చారట. ఆవిడ ఇక్కడే పుట్టింది, ఇండియా ఒక్కసారి కూడా చూడలేదు. యాస మాత్రం అచ్చం అక్కడిదే. మా ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుంది. పెళ్ళి పాటలు, పులుసులు, అమ్మవారి పండగ, అన్నీ అయ్యాయి. నేను రోడ్డు మీద గంటసేపు నిలబడ్డాను. పూలకి డబ్బులు తీసుకోలేదు, ఎంత బతిమాలినా. కెమెరా పెట్టొద్దంది, అందుకే ఆ క్లిప్ లేదు.

చివరగా, చాలామంది అడుగుతున్నారు, మా అమ్మానాన్నల్ని వాళ్ళిద్దరినే పంపొచ్చా అని. పంపండి. వీల్‌చైర్ కావాలని టికెట్ బుక్ చేసేటప్పుడే పెట్టండి, ఎయిర్‌పోర్టుకి వెళ్ళాక అడిగితే ఆలస్యం అవుతుంది. మనిషికి చక్రాలున్న పెట్టె ఒక్కటే, ఆస్ట్రేలియా సామానంతా పిల్లలు వచ్చేటప్పుడు తెచ్చుకుంటారు. కౌలాలంపూర్ నుంచి శంషాబాద్ నాలుగు గంటల చిల్లర. అర్ధరాత్రి దిగే విమానం అయితే క్యాబ్ ముందే మాట్లాడుకోండి, పగలైతే పుష్పక్ బస్సు హాయి.

మేం మళ్ళీ వెళితే కౌలాలంపూర్‌లో ఒక్క రాత్రే ఉంటాం, మిగతావి మలక్కాకి కలుపుతాం. ఆ ఒక్క సాయంత్రం బ్రిక్‌ఫీల్డ్స్‌కే అని ఆవిడ ఇప్పుడే కెమెరా వెనక నుంచి సైగ చేస్తోంది. సరేనండీ, ఉంటాం.