పుంగనూరు ఆవుకు ఆబోతు ఎక్కడ?

శ్రోతలందరికీ నమస్కారం.

ఈమధ్య విజయనగరంలోనూ శ్రీకాకుళంలోనూ కొత్త డాబాల ముందు, కారు పక్కన, మన నడుము ఎత్తు కూడా లేని ఆవు కట్టేసి కనిపిస్తోంది. అడిగితే "పుంగనూరు ఆవండీ" అని మురిపెంగా చెబుతారు. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి తన నివాసంలో ఈ ఆవులకు మేత పెట్టడం టీవీల్లో చూశాక ఆ మోజు ఇంకా పెరిగింది. ఆవు మీద ప్రేమతో కొనుక్కున్నవాళ్లను నేను తప్పు పట్టను. వాళ్లను ఒక్క మాట అడగాలని ఉంది. ఆ ఆవు ఎదకు వస్తే ఏం చేస్తారు?

ఇది ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని పుంగనూరు ప్రాంతపు పశువు. మెట్ట నేల, అరకొర వాన, పశువుకు దొరికేది ఎండు మేత. అలాంటి చోట తక్కువ తిని, ఎండకు తట్టుకుని, రోజుకు రెండు మూడు లీటర్ల పాలిస్తూ తరతరాలుగా చిన్న రైతు ఇంట్లో నిలిచిన జాతి. ఎదిగిన పశువు ఎత్తు 70 నుంచి 90 సెంటీమీటర్ల వరకు, బరువు 115 నుంచి 200 కిలోల దాకా ఉంటుంది. వెడల్పు నుదురు, నెలవంకలా వంగిన పొట్టి కొమ్ములు, వెనక్కి వాలిన నడుము, నేలను తాకే తోక. పాలలో వెన్న 8 శాతం దాకా ఉంటుందంటారు. మామూలు ఆవు పాలలో అది మూడున్నర, నాలుగు శాతమే.

ఇంత మంచి పశువు ఎందుకు తరిగిపోయిందంటే, దాన్ని ఎవరూ చంపలేదు, కరువూ తినేయలేదు. పాల లెక్కలో ఓడిపోయింది. దేశంలో పాల దిగుబడి పెంచాలని జెర్సీ, హోల్‌స్టీన్ అనే విదేశీ జాతుల వీర్యంతో నాటు ఆవులను చూలు కట్టించారు. పూటకు నాలుగైదు లీటర్లు పిండే ఆవు శాలలోకి వచ్చాక, రెండు లీటర్ల ఆవును ఏ రైతు ఉంచుకుంటాడు? రైతును తప్పు పట్టలేం, అతనికి పిల్లల ఫీజులు కట్టాలి. ఆ తర్వాత ట్రాక్టర్ వచ్చింది. ఎడ్లకు పని పోయింది. పనిలేని కోడెదూడను మేపేవాళ్లు లేకపోయారు. కోడె లేకపోతే ఆబోతు ఎక్కడిది? ఒంగోలు జాతికి బ్రెజిల్‌లో ఇంకో ఇల్లుంది, అక్కడ నెలోర్ పేరుతో వర్ధిల్లుతోంది. పుంగనూరుకు అలాంటి రెండో ఇల్లు లేదు.

ఇక మొదట అడిగిన మాటకు వస్తాను. ఆవు ఇరవై ఒక్క రోజులకోసారి ఎదకు వస్తుంది. మన జిల్లాల్లో పుంగనూరు ఆబోతు దొరకడం కష్టం. పశువైద్యశాలకు తోలుకెళితే అక్కడ ఉన్న వీర్యమేదో వేస్తారు. అది జెర్సీ అయితే కడుపులో దూడ పెద్దదై ఈత కష్టం కావచ్చు, ఆ చిన్న ఆవు ప్రాణానికే ముప్పు. ఒకవేళ సుఖంగా ఈనినా పుట్టేది సగం పుంగనూరే. దాని బిడ్డ పావు. లక్షలు పోసి తెచ్చిన జాతి రెండు తరాల్లో మన పెరట్లోనే అంతరిస్తుంది. అసలు చూలే కట్టించకపోతే ఒక్క తరంతోనే ఆ కొమ్మ ఎండిపోతుంది.

అందుకే కొనదలచినవాళ్లు దూడ ఎంత పొట్టిగా ఉందో చూసి మురిసిపోవద్దు. లేగదూడ ఏ జాతిదైనా చిన్నదే. తల్లిని చూపించమనండి, తండ్రి ఏ ఆబోతో అడగండి. ఇంకా పొట్టి, ఇంకా పొట్టి అంటూ దగ్గర చుట్టరికపు పశువులనే కలుపుతూ పోతే గొడ్డుతనం, బలహీనమైన దూడలు తప్పవు. జాతిని బొమ్మగా మార్చడం నాకు బాధగా ఉంటుంది.

నిజమైన సంరక్షణ మందలో జరుగుతుంది. పలమనేరులో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధన కేంద్రం ఈ మందను ఏళ్లుగా కాపాడుతోంది. మందలో ఏ దూడకు ఎవరు తల్లి, ఎవరు తండ్రి అన్నది రాసి ఉంచాలి. ఆబోతును రెండు మూడేళ్లకోసారి మార్చాలి. లేకపోతే అప్పటికి దాని కూతుళ్లే ఎదకు వచ్చి దాని దగ్గరికే చేరతాయి. మంచి ఆబోతుల వీర్యాన్ని ద్రవ నత్రజనిలో, మైనస్ 196 డిగ్రీల చలిలో దాచవచ్చు. మేలైన ఆవు పిండాన్ని మామూలు ఆవు గర్భంలో పెట్టి దూడను పొందవచ్చు. ఇప్పుడు పెయ్యదూడలే ఎక్కువగా పుట్టేలా వేరుచేసిన వీర్యమూ వచ్చింది, పాడి రైతుకు అది మేలే. కానీ అరుదైన జాతికి కోడెదూడ కూడా కావాలి. ఈ మాట ఎవరూ గట్టిగా చెప్పడం లేదు.

మన సంగతీ చూద్దాం. ఇచ్ఛాపురం దాటితే ఒడిశాలోని గంజాం. అక్కడి చిన్నపాటి పని పశువులకు ఘుముసరి అని పేరుంది, జాతీయ రికార్డుల్లో నమోదు ఉంది. మల్కనగిరి వైపు పశువులకు మోటు అని పేరుంది. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ వాటి కొలతలు, లక్షణాలు, పుట్టిన ప్రాంతం చూసి జాతిగా గుర్తించింది. నారాయణవలస సంతలోనో మానాపురం సంతలోనో మనం చూసే చిన్న నాటు ఆవులను మాత్రం అందరూ ఊరికే 'నాటు' అని వదిలేస్తారు. ఉభాల వేళ, అంటే వరినాట్లప్పుడు, బురద మడిలో దమ్ము చేసినవి, గెత్తం అనే పశువుల ఎరువు బళ్లు లాగినవి వాటి కోడెలే. వాటిలో ప్రత్యేకమైన జాతి ఉందో లేదో కొలిచి చూస్తేనే తెలుస్తుంది. గరివిడిలో మనకు పశువైద్య కళాశాల ఉంది. అక్కడి విద్యార్థులు ఊరూరా తిరిగి ఎత్తు, కొమ్ములు, పాలు, ఈతల మధ్య ఎడం రాసుకొస్తే ఎంత బాగుంటుందో!

మనవాళ్లకు సింహాద్రి అప్పన్నకు కోడెదూడను మొక్కుకునే ఆచారం ఉంది. ఒకప్పుడు దేవుడి పేరున వదిలిన కోడె ఊళ్లో తిరుగుతూ మందకు ఆబోతు అయ్యేది. దాని జోలికి ఎవరూ పోయేవారు కాదు, ఎవరి చేలో మేసినా అదిలించి ఊరుకునేవారు. ఆబోతును పోషించే బాధ్యత ఊరంతా పంచుకున్న ఏర్పాటు అది. ఇప్పుడు ఇంటికి అక్కర్లేని జెర్సీ కోడెను మొక్కు పేరుతో వదిలించుకోవడం చూస్తున్నాం. అప్పన్నకు ఇవ్వాలనుకుంటే బలమైన నాటు ఆవు ఈనిన కోడెను, పాలు మరిచేదాకా తల్లి దగ్గర ఉంచి ఇవ్వండి.

పుంగనూరు ఆవు ఇప్పటికే ఇంట్లో ఉన్నవాళ్లకు నా మనవి. అది ఎదకు రాకముందే మీ ఊరి పశువైద్యుడితో మాట్లాడండి, పుంగనూరు వీర్యం తెప్పించే దారి అడగండి. మీలాంటివాళ్లు జిల్లాలో ఎందరున్నారో కనుక్కుని, అందరూ కలిసి ఒక మంచి ఆబోతును పోషించండి. మీ ఆవుకు కోడెదూడ పుడితే, నొక్కించి ఎద్దుగా మార్చేముందు, అమ్మేముందు ఆ పశువైద్యుడికి ఒకసారి చూపించండి.

నమస్కారం.