డయాలసిస్ చేయించుకునేవాళ్లు తడబడుతుంటే...

శ్రోతలకు నమస్కారం.

ఇంట్లో ఒకరు డయాలసిస్‌కు వెళ్లొస్తున్నారనుకుందాం. రెండు వారాలుగా అన్నం సయించడం లేదు, రెండు ముద్దలు తిని కంచం పక్కకు నెట్టేస్తున్నారు. ఒకరోజు బాత్‌రూమ్‌కు వెళ్తూ తూలి గోడ పట్టుకున్నారు. ఎదుట ఉన్న మనిషి ఇద్దరుగా కనిపిస్తున్నారన్నారు. సాయంత్రానికి, ఇవాళ ఏం వారమంటే చెప్పలేకపోయారు.

‘నీరసంలెండి’ అంటారు ఇంట్లోవాళ్లు. ‘క్రియాటినిన్ పెరిగుంటుంది’ అంటారు పక్కింటివాళ్లు. కిడ్నీలు వడకట్టాల్సిన ఇలాంటి వ్యర్థాలు, ముఖ్యంగా యూరియా, రక్తంలో పెరిగినా మనిషి అయోమయంలో పడే మాట నిజమే. షుగర్ పడిపోయినా, పక్షవాతం వచ్చినా ఇలాగే ఉండొచ్చు. అందుకే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కానీ ఈ అనుమానాల్లో తరచూ మరుగున పడిపోయేది ఒకటుంది. అదే బి1 విటమిన్, అంటే థయమిన్ లోపం.

మెదడు గ్లూకోజ్‌ను శక్తిగా మార్చుకోవాలంటే థయమిన్ ఉండాలి. ఒంట్లో దాని నిల్వ సుమారు 30 మిల్లీగ్రాములే. తిండి లేకపోతే రెండు మూడు వారాల్లో అడుగంటుతుంది. ఇది నీళ్లలో కరిగే విటమిన్. డయాలసిస్ ఫిల్టర్‌కు మంచీ చెడూ తెలియదు, యూరియాతో పాటు దీన్నీ బయటికి పంపేస్తుంది. పైగా పొటాషియం తగ్గడానికి కూరగాయలు ఉడికించి నీళ్లు పారబోస్తాం. అది అవసరమే, మానకూడదు. కానీ ఆ నీళ్లతో బి1 కూడా పోతుంది. పాలిష్ పట్టిన బియ్యంలో అది ముందే తక్కువ, గంజి వారిస్తే ఇంకా తక్కువ. తెల్ల బియ్యం తినే మన కోస్తా జిల్లాల్లో ఒకప్పుడు బెరిబెరి జబ్బు బాగా కనిపించడానికి కారణం ఈ లోపమే.

ఇదే బి1 లోపం వల్ల మెదడుకు వచ్చే జబ్బును 1881లో కార్ల్ వెర్నికే అనే జర్మన్ వైద్యుడు వర్ణించారు. అయోమయం, తూలడం, కళ్లు సరిగా కదలకపోవడం దీని లక్షణాలు. మూడూ ఒకేసారి కనిపించేది కొద్దిమందిలోనే. మూడోదాని కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే జ్ఞాపకశక్తి శాశ్వతంగా దెబ్బతినవచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. వైద్యం మాత్రం ఖరీదైనది కాదు. నరానికి థయమిన్ ఇంజెక్షన్ ఇస్తారు. అనుమానం బలంగా ఉంటే రక్తపరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగరు.

మనకొక అలవాటుంది, నీరసమనగానే ‘ఓ గ్లూకోజ్ బాటిల్ ఎక్కించండి’ అంటాం. ఇక్కడ అది ఎదురు తిరగొచ్చు. ఉన్న కాస్త థయమిన్ కూడా ఆ గ్లూకోజ్‌కే ఖర్చవుతుంది. ఒంట్లో నీరు చేరే బెడద సరేసరి. షుగర్ నిజంగా పడిపోతే గ్లూకోజ్ వెంటనే ఇవ్వాల్సిందే, దాంతో పాటు థయమిన్ కూడా అందాలి.

విటమిన్ లోపమన్నాం కదా అని మెడికల్ షాపులో ఏదో ఒక మల్టీవిటమిన్ కొనేయకండి. కిడ్నీ పనిచేయనివాళ్లలో విటమిన్ ఎ పేరుకుపోతుంది, విటమిన్ సి ఎక్కువైతే ఆక్సలేట్ అనే వ్యర్థం పెరుగుతుంది. వీళ్లకు తగిన బి విటమిన్ మాత్రలు వేరే ఉంటాయి, డయాలసిస్ రోజున అది ముగిశాక వేసుకోమంటారు. తిండి తగ్గిందన్నా, వాంతులవుతున్నాయన్నా, ఒంట్లో నీరు తీసే మాత్రలు వాడుతున్నామన్నా ఆ సంగతి ఈసారి సిట్టింగ్‌కు వెళ్లినప్పుడు, సూది గుచ్చకముందే నర్సుకో డాక్టరుకో చెప్పండి.